మెడ దగ్గర అతుకు

ఆషాఢంలో మా స్టూడియోకి రెండే రకాల జనం వస్తారు. పాస్‌పోర్టు సైజు ఫోటోలు కావలసినవాళ్ళు, ఇంట్లో మనిషి పోయినవాళ్ళు. ముహూర్తాల్లేని నెల, పెళ్ళిళ్ళుండవు. చావుకి ముహూర్తం అక్కర్లేదు కాబట్టి మా పొయ్యి వెలుగుతుంది.

పోయినవాళ్ళ పని నాది. మా ఆయన శ్యాంబాబు ఫోటోలు తీస్తారు, నేను కంప్యూటర్ ముందు కూర్చుంటాను. రాజమండ్రిలో బీఎస్సీ కంప్యూటర్స్ చదివినందుకు నాకబ్బిన విద్య ఇది. ఆధార్ కార్డు మీది బొమ్మ తీసుకొచ్చి "మా నాన్నకి కోటు తొడగండమ్మా" అంటే తొడుగుతాను. "మా అమ్మకి పట్టుచీర, మెళ్ళో కాసులపేరు" అంటే అదీ చేస్తాను. కోట్లూ చీరలూ నగలూ నా దగ్గర హార్డ్‌డిస్కు నిండా ఉండేవి. అన్నీ తలల్లేకుండా, మెడ దాకా. స్టూడియో సామాన్లమ్మే కొట్టాయన ఇచ్చాడు. ఆయనకెవరిచ్చారో నేనడగలేదు. మా వైపు ఏ స్టూడియోవాళ్ళూ అడగరు. చుట్టుపక్కల ఊళ్ళలో దండలేసుకుని గోడలెక్కిన తాతల్లో సగంమందిది ఒకటే కోటు.

మా అమ్మ ఏసమ్మది కూడా నేనే చేశాను. కౌంటరుకి ఎదురుగా ముదురాకుపచ్చ పట్టుచీరలో ఉండేది. బతికున్నన్నాళ్ళూ ఆవిడ కట్టింది నూలుచీర, చేసింది ఊడ్పులు. ఫోటోలకొచ్చినవాళ్ళు "మీ అమ్మగారు ఎంత హుందాగా ఉన్నారండీ" అంటే నాకు గర్వంగానే ఉండేది.

నిరుడు ఆషాఢంలో పనిలేక మా ఆయన కెమెరా భుజాన వేసుకుని కడియం చుట్టుపక్కల నర్సరీల వెంట తిరిగారు. తొలకరికి మొక్కల లారీలు బారులు తీరే రోజులు. అక్కడ మామిడి అంట్లు కట్టే రామతులసి ఫోటో ఒకటి తీసుకొచ్చారు. గొడుగు గుడ్డ కింద పీట మీద కూర్చుని, పాలిథిన్ రిబ్బను పళ్ళ మధ్య బిగబట్టి, కోసిన పుల్లని మొక్క చీలికలో దూరుస్తోంది. మొహం కళ్ళతోనే నవ్వుతోంది. కానీ ఫోటో నిండా చేతులే. ఎడమ బొటనవేలి మీద చాకు గాట్లు, రెండుగా చీలిన గోరు, మామిడి జీడి తగిలి నల్లబడిన వేళ్ళు. ఆయన దాన్ని పెద్ద సైజులో వేయించి మా అమ్మ పక్కనే తగిలించారు. పదిహేనేళ్ళుగా పెళ్ళికూతుళ్ళని తీసిన మనిషి ఒక ఫోటో ముందు అలా నిలబడిపోవడం నేను అప్పుడే చూశాను.

సంగతి తెలిసి రామతులసి చూసుకోవడానికొచ్చింది.

"ఇదేంటండీ మెర్సీ గారూ, మొహం కంటే చేతులే పెద్దగా పడ్డాయి?"

"చేతుల కోసమే తీశారు."

"ఈ చేతులెవరు చూత్తారండీ బాబూ!" అని చీర కొంగులో దాచేసుకుంది. తర్వాత మా అమ్మ వైపు చాలాసేపు చూసింది. "ఏసమ్మ గారికి ఈ చీర మీరు కట్టిందే కదా?"

"కంప్యూటర్లో."

"నాకూ కడతారా? మా పెళ్ళికి ఫోటో లేదండి. పోలవరం ముంపులో ఊరు ఖాళీ చేయించే గోలలో అయిపోయింది పెళ్ళి. సామాన్లూ పెళ్ళికూతురూ ఒకటే ట్రాక్టర్ మీదెక్కాం. పోయాక ఎలాగూ కట్టిత్తారు, ఓ పాలి బతికుండగా చూసుకుంటాను."

నవ్వొచ్చింది నాకు. అరగంట పని. ఆ ఫోటోలోంచే మొహం తీసుకున్నాను, మెడ దగ్గర కోశాను. పళ్ళ మధ్య రిబ్బను చెరిపి పెదాలు కలిపాను, మొహం కాస్త తెల్లచేశాను. ఎర్ర కంచిపట్టు, కాసులపేరు, వడ్డాణం, అరవంకీలు ఉన్న ఒంటి మీద పెట్టి మెడ దగ్గర అతుకు కనబడకుండా నీడ దిద్దాను. ఒళ్ళో పొందికగా పెట్టుకున్న రెండు చేతులు, గోరింటాకుతో. మా ఆయన చేతుల కోసం తీసిన ఫోటోలో చేతులే నేను అవతల పారేశానని అప్పుడు నాకు తట్టలేదు.

ప్రింటు చేతికిస్తే రామతులసి నోటికి కొంగడ్డం పెట్టుకుంది. "ఈవిడెవరండీ బాబూ!" అని నవ్వి, నవ్వి, చివరికి కళ్ళు తుడుచుకుంది. వెళ్తూ గుమ్మంలో ఆగి అంది, "ఎవరికీ చూపించకండేం. మా ఆయన చూత్తే పడీ పడీ నవ్వుతాడు."

"సర్లే" అన్నాను.

ఆ సాయంత్రమే స్టూడియో పేజీలో పెట్టాను. ఎడమ పక్క అంట్లు కట్టే మనిషి, కుడి పక్క పట్టుచీరలో రాణి. ముందు, తర్వాత. కింద స్టూడియో పేరు, నా పేరు, కడియం, మా ఫోన్ నంబరు. మా పేజీకి అన్ని లైకులు ఎప్పుడూ రాలేదు. మా ఆయన ఫోన్ చూసే మనిషి కాదు. ఆయనకి చెప్పలేదు.

* * *

శ్రావణం వచ్చింది. గోదారి ఎర్రబడి ధవళేశ్వరం దగ్గర హెచ్చరిక ఎగరేశారు. ఆ రోజు మధ్యాహ్నం రామతులసి తడిసిపోయి వచ్చింది. చేతిలో చాకు అలాగే ఉంది, పనిలోంచి లేచి వచ్చేసినట్టుంది.

"నా మొగుడు షోలాపూర్ నుంచి ఫోన్ చేశాడండి. ఏదో పంపించాడు. ఇది నాకు తెరవడం రాదు, చూడండి."

ఆవిడ మొగుడు సురేష్‌బాబు మొక్కల లారీ డ్రైవరు. పంపించింది ఒక వీడియో. పెళ్ళిసంబంధాల చానలంట. వెనక సన్నాయి మోగుతోంది, తెర మీద ఎర్ర పట్టుచీరలో రామతులసి. ఒక ఆడగొంతు తియ్యగా చదువుతోంది. "పేరు స్వప్న. రాజమండ్రి పరిసర ప్రాంతం. వయసు ముప్ఫై. భర్త చనిపోయారు. పిల్లలు లేరు. మూడెకరాల సొంత నర్సరీ ఉంది. కులం పట్టింపు లేదు. మంచి మనసున్న తోడు కావాలి. వెంటనే ఫోన్ చెయ్యండి."

ఆవిడ కదలకుండా విన్నది. "మళ్ళీ పెట్టండి" అంది. మళ్ళీ పెట్టాను.

"చచ్చిపోయాడన్నారా?"

"అన్నారు."

"ధాబా దగ్గర అందరూ చూశారంటండి. లాజరని తోటి డ్రైవరున్నాడు, 'నీకు ఇంటి దగ్గర దండేసేశార్రా, అన్నం మాని పిండం తిను' అన్నాడంట." తడిసిన కొంగు పిండుకుంటూ, "పిల్లల్లేరని వాళ్ళకెలా తెలుసండీ?" అంది.

అందులో నిజమల్లా అదొక్కటే. గాలిలో వేసిన రాయి సరిగ్గా అక్కడే తగిలింది.

ఆవిణ్ణి కూర్చోబెట్టి ఆ బొమ్మని నెట్లో వెతికించాను. పదకొండు చోట్ల దొరికింది. ఒకచోట స్వప్న, ఇంకోచోట లావణ్య, నెల్లూరు వైపు సరోజ. వయసు ఇరవై ఆరు నుంచి ముప్ఫై ఎనిమిది దాకా. ఆస్తి పెరుగుతోంది, తరుగుతోంది. మొగుడు మాత్రం అన్నిట్లోనూ చచ్చిపోయాడు. అన్నిట్లోనూ నా పోస్టులో కుడి పక్క సగం మాత్రమే ఉంది. "ముందు" అన్న సగాన్ని కత్తిరించేశారు, మా నంబరు చెరిపేసి వాళ్ళది వేసుకున్నారు.

నేను అప్పుడు చేసిన మొదటి పని, ఆవిడ ఎదురుగా ఉండగానే, ఆవిడకి తెలియకుండా, మా పేజీలో ఆ పోస్టు తీసెయ్యడం.

మా ఆయన వచ్చాక చూపించాను. మొహం మాడిపోయింది. "మన ఫోటో! వాళ్ళకెలా దొరికింది?"

నోటికి ఎంత తేలిగ్గా వచ్చిందో ఇప్పటికీ ఆశ్చర్యం. "ప్రింటు తీసుకెళ్ళింది కదా. ఫోన్లో తీసి ఎవరికో పంపించుకుని ఉంటుంది."

* * *

సురేష్‌బాబు నాలుగో రోజుకి వచ్చాడు. దారి పొడుగునా తోటివాళ్ళు పరామర్శించి పంపించారు. ఇల్లంతా వెతికితే ట్రంకుపెట్టెలో చీరల అడుగున ప్రింటు దొరికింది. ఇంక చెప్పేదేముంది? చీర ఎవరు కొన్నారు, నగలెవరు పెట్టారు, నేను ఊళ్ళో లేనప్పుడు ఎక్కడికెళ్ళి దిగావు, అని నిలదీశాడట. "కంప్యూటర్లో కట్టారు" అందట. "కంప్యూటరు చీరలు కూడా కడతాదా" అని కొట్టాడట. పెట్టె వీధిలో పెట్టి తాళం వేసుకుని లారీ స్టాండుకి పోయాడు.

పెట్టె నెత్తిన పెట్టుకుని రామతులసి కాలవ గట్టంటా మా దగ్గరికొచ్చింది. కుడి చెంప వాచి కన్ను చిన్నదైపోయింది.

"పుట్టింటికి పొమ్మన్నాడండి" అంది మెట్టు మీద కూర్చుంటూ. "పోదామంటే అది నీళ్ళ అడుగునుంది."

అమ్మా నాన్నా లేరు. పునరావాస కాలనీలో అన్నకిచ్చిన ఇల్లు అన్న అమ్మేసుకున్నాడు. మా వెనక కొట్టులో, ఫోటోలకి వెనక కట్టే తెరలు చుట్టి పెట్టుకునే చోట, చాప వేశాను. జలపాతం తెరకీ రాజమహలు తెరకీ మధ్య పడుకుంది. మర్నాడు పనికెళ్తే మేస్త్రీ "నీకు సొంత నర్సరీ ఉంది కదా, ఇక్కడెందుకు?" అన్నాడట. జోకే. అందరూ నవ్వారట. వారం తిరక్కుండా పని మానేసింది.

నేను మాత్రం చాలా కష్టపడ్డాను. అది చెప్పుకోవాలి, ఎందుకంటే కష్టపడుతున్నంతసేపూ నిజం చెప్పక్కర్లేదు. పదకొండు చోట్లా ఫిర్యాదులు పెట్టాను. ప్రతి ఫారంలోనూ ఒకటే ప్రశ్న.

"ఏమడుగుతున్నాడండీ?" అంది రామతులసి నా భుజం మీంచి చూస్తూ.

"ఈ ఫోటో మీద హక్కు మీదేనా అని."

"ఏమని పెట్టారు?"

"మాదేనని."

"నా మొహం మీదా?"

"ఫోటో మాది. తీసింది మేం కదా. నువ్వు పెడితే వాళ్ళు పట్టించుకోరు."

"ఓహో" అంది. "మొహం ఉన్నవాళ్ళకి హక్కు లేదన్నమాట."

రెండు చోట్ల తీసేశారు. మూడో రోజుకి ఐదు చోట్ల కొత్తగా వచ్చింది. పోలీస్ స్టేషనుకి వెళ్తే రైటరు వీడియో పూర్తిగా చూసి, "బూతేం లేదు కదమ్మా, పట్టుచీరే కదా. పెళ్ళి చేస్తామంటున్నారు" అన్నాడు. కాగితం మాత్రం తీసుకున్నాడు. మా ఆయన పెళ్ళికొడుకులా ఆ నంబరుకి ఫోన్ చేశారు. అదే తియ్యటి గొంతు, "అమ్మాయి గుడికెళ్ళిందండి, మీరు రిజిస్ట్రేషన్ చేయించుకుంటే సాయంత్రం మాట్లాడిస్తాం" అంది.

స్పీకర్లో విని రామతులసి, "నేను గుడికెళ్ళానంటండీ" అంది. వాపు తగ్గని చెంపతో నవ్వబోయి మానేసింది.

* * *

ఆ శుక్రవారం ఒక పెద్దాయన వచ్చాడు. అరవై ఐదు దాటి ఉంటాయి. తెల్ల చొక్కా, గుడ్డ సంచీ. గొడుగు బయట ముడిచి, చెప్పులు విడిచి లోపలికొచ్చాడు. స్టూడియోకి చెప్పులు విడిచొచ్చే మనిషి స్టూడియో మనిషే అయ్యుంటాడు.

"మెర్సీ గారంటే మీరేనాండి? నా పేరు భద్రిరాజండి. భీమవరంలో నాదీ స్టూడియోనే. ఉండేది."

మా ఆయన కుర్చీ వేశారు. రామతులసి మంచినీళ్ళు తెచ్చింది. ఆయన గ్లాసందుకుంటూ ఆవిడ మొహం చూసి చప్పున లేచి నిలబడ్డాడు.

"ఈ అమ్మేనా?" అన్నాడు. "కూర్చో తల్లీ. నువ్వెందుకు నిలబడ్డం."

సంచీలోంచి ఒక ఫోటో తీసి కౌంటరు మీద పెట్టాడు. ఎర్ర కంచిపట్టు. కాసులపేరు, వడ్డాణం, అరవంకీలు. ఒళ్ళో గోరింటాకు చేతులు. తల మాత్రం ఇంకొకరిది. లేదు, అసలు తల అదే.

"మా అమ్మాయి భవ్యండి. పెళ్ళినాడు నేనే తీశాను. నెట్లో పెట్టుకున్నాను, తండ్రిని కదా, ఆపుకోలేకపోయాను. ఏడాది తిరిగేసరికి ఎవడో తల కోసేసి డిస్కుల్లో ఎక్కించి అమ్మేశాడు. ఎనిమిదేళ్ళండి. ఆదివారం ఆదివారం కూర్చుని వెతుకుతాను. మా అమ్మాయి మెడ మీద ఎన్ని తలలు చూశానో. పోయిన ముసలమ్మలు, ఓట్లకి నిలబడ్డవాళ్ళు, నగలకొట్టు బోర్డులు. కుడిచేతి చిటికెనవేలు చూడండి, కాస్త వంకర. చిన్నప్పుడు తలుపులో పడి నలిగింది. దాన్నిబట్టి పోలుస్తాను. మీది నలభై మూడోదండి."

మా ఆయన నా వైపు చూశారు. "మాదెక్కడ చూశారండీ మీరు? పెళ్ళి వీడియోలోనా?"

"కాదండి, మీ పేజీలోనే. తీసేశారు లెండి. నేను దాచుకున్నాను." ఫోన్ తీసి చూపించాడు. ఎడమ పక్క ముందు, కుడి పక్క తర్వాత. కింద స్టూడియో పేరు, నంబరు, నేను పెట్టుకున్న చప్పట్ల బొమ్మ.

వాన రేకుల మీద పడుతోంది. రామతులసి ఆ ఫోన్ చేతిలోకి తీసుకుని దగ్గరగా చూసింది, దూరంగా చూసింది.

"మీరే పెట్టారా మెర్సీ గారూ?"

"ఆ."

"సర్లే అన్నారు కదండీ?"

నేను తలూపాను. ఆవిడ ఫోన్ ఆయనకిచ్చేసి, ఖాళీ గ్లాసు తీసుకుని లోపలికెళ్ళింది. కడుగుతున్న చప్పుడు వినబడింది, గ్లాసు ఒక్కదానికి పట్టేకంటే చాలాసేపు.

భద్రిరాజు గారు గొంతు తగ్గించారు. "మీ మీద కేసు పెట్టడానికి రాలేదండి. నాకు రూపాయి అక్కర్లేదు. నేను కంప్లయింట్ పెట్టినప్పుడల్లా అవతలవాడు ఇందులో మొహం వేరు, ఇది మీ అమ్మాయి కాదంటాడు. నలభై రెండు స్టూడియోలకి తిరిగాను. తల మేం అతికించాం, ఒళ్ళు మాది కాదు అని ఒక్కరూ రాసివ్వలేదు. రాస్తే దుకాణం పోతుందని. మీరు రాస్తారేమోనని."

"భవ్య గారు బాగున్నారాండి?" అన్నాను. ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"బాగుందమ్మా. ఇద్దరు పిల్లలు. ఆ ఫోటో మాత్రం ఇంట్లో పెట్టుకోదు. అందులో ఎవరో ఉన్నారు నాన్నా అంటుంది." చుట్టూ చూస్తూ ఆయన చూపు గోడ మీద ఆగింది. ఆగిన చోటు మొహం కాదు. మెడ.

"మీ అమ్మగారాండి?"

"ఆయ్."

"చీర బాగుంది" అన్నారు.

కాగితం తీసుకుని రాశాను. సంతకం పెడుతుంటే మా ఆయన చొక్కా తొడుక్కుని బండి తాళాలు తీశారు.

"ఎక్కడికండీ?"

"లారీ స్టాండుకి" అన్నారు. నా మొహం చూడకుండా. "సురేష్‌బాబుని తీసుకొస్తాను. అతనికి చూపించాలి కదా. నువ్వే చూపించు."

* * *

సురేష్‌బాబు గుమ్మం దాటి రానన్నాడు. భద్రిరాజు గారు "రావయ్యా, నేను పరాయివాణ్ణి, నా మాట మీద రా" అంటే వచ్చాడు. మనిషి చిక్కిపోయాడు. గడ్డం. రామతులసి లోపలి గుమ్మంలో నిలబడింది.

కంప్యూటర్లో అసలు ఫైలు తెరిచాను. అలాంటి ఫైల్లో బొమ్మ పొరలు పొరలుగా ఉంటుంది. ఒక్కో పొర పక్కన చిన్న కన్ను గుర్తుంటుంది, దాన్ని నొక్కితే ఆ పొర మాయమవుతుంది. నీడ తీశాను. మెడ చుట్టూ అతుకు గీతలా బయటపడింది. తల ఉన్న పొర మీద నొక్కాను.

ఎర్ర పట్టుచీరలో తల లేని ఒళ్ళు మిగిలింది.

సురేష్‌బాబు ఒక్కడుగు వెనక్కి వేశాడు. "పెట్టేయండి. మళ్ళీ పెట్టేయండి అది."

పెట్టాను. పక్కన భవ్య ఫోటో పెట్టి, వంకర చిటికెనవేలు రెండింట్లోనూ చూపించాను. మా ఆయన గోడ మీది ఫోటో దింపి కౌంటరు మీద ఆనించారు. గాట్లు పడ్డ బొటనవేలు, చీలిన గోరు. "నేను పెట్టానయ్యా నెట్లో" అన్నాను. "ఆవిడ వద్దంది. నేనే పెట్టాను. ప్రింటు ఆవిడెవరికీ ఇవ్వలేదు."

అతను ఒకదాన్నుంచి ఇంకోదానికి చాలాసేపు చూశాడు. మీసం దువ్వుకుంటున్నట్టుగా నోరు రుద్దుకున్నాడు.

"అయితే ఈ చేతులు దానివి కావన్నమాట."

"కావు."

"తప్పయిపోయిందండి" అన్నాడు, మాలో ఎవరితోనో. తర్వాత గుమ్మం వైపు తిరిగి, "పదవే. పెట్టె తీసుకో. ఇంటికి పోదాం" అన్నాడు.

రామతులసి కదల్లేదు. చేతులు చాచి చూసుకుంది, ముందు అరచేతులు, తర్వాత వెనక్కి తిప్పి.

"పదకొండేళ్ళు ఈ చేత్తో వండింది తిన్నావు" అంది. కేకేం లేదు, మామూలుగానే. "జ్వరమొత్తే ఈ చేత్తోనే తడిగుడ్డ వేశాను. ఆ ఫోన్లో గోరింటాకు చేతులు చూసి నావే అనుకున్నావు."

"అది... చిన్న ఫోనే, కనపళ్ళేదే."

"పెట్టెలో ప్రింటు పెద్దదే కదా."

భద్రిరాజు గారు గొడుగు విప్పుతూ ముడుస్తూ నిలబడ్డారు. వాన కాస్త తెరిపిచ్చింది. సురేష్‌బాబు అరగంట మెట్ల మీద కూర్చుని, చివరికి వెళ్తూ నాతో అన్నాడు, "నాకంటే చూపించారండి. స్టాండులో వాళ్ళకెవరు చూపిత్తారు?"

మర్నాడు బరోడా లోడెక్కించుకుని పోయాడు.

* * *

మా పేజీలో నిజం రాసి పెట్టాను. ఇది అతుకు, ఈ ఒళ్ళు భీమవరంలో ఒక తండ్రి తీసిన కూతురిది, ఈ మొహం కడియంలో అంట్లు కట్టే ఒక మనిషిది, ఇద్దర్నీ అడక్కుండా కలిపింది నేను, అని. అబద్ధాన్ని చూసినంతమంది నిజాన్ని చూడలేదు. చూసినవాళ్ళలో కొందరు "మా అమ్మ ఫోటోలో చీరెవరిదండీ" అని ఫోన్ చేశారు. డిస్కులో ఒళ్ళన్నీ తుడిచేశానని తెలిశాక కోటు కావలసినవాళ్ళు వేరే స్టూడియో చూసుకున్నారు. భద్రిరాజు గారు నా కాగితం చూపించి ఆరు చోట్ల తీయించారట. నలభై నాలుగోది దొరికిందని కూడా చెప్పారు.

ఒకరోజు నేను చర్చి నుంచి వచ్చేసరికి గోడ మీద ఆకుపచ్చ చీర లేదు. ఆ మేకుకే అమ్మ ఆధార్ బొమ్మ, పెద్దది చేసి, తగిలించి ఉంది. చుక్కలు చుక్కలుగా, బెదిరిన కళ్ళతో, పీనుగులా ఉంది అమ్మ. కానీ మెడ ఆవిడదే. ఆ రోజు నుంచి మనుషుల్ని పెద్ద సైజులో తియ్యడం మా ఆయన మానేశారు. రామతులసి చేతుల ఫోటో గోడకి తిప్పి వెనక కొట్టులో పెట్టారు, తెరల మధ్య, ఆవిడ పడుకునే చాపకెదురుగా.

భాద్రపదం వెళ్తుండగా, వరద తీసి లంకల్లో బురద ఎండుతున్న రోజుల్లో, రామతులసి పెట్టె సర్దుకుంది. జంగారెడ్డిగూడెం దగ్గర జీడిపప్పు ఫ్యాక్టరీలో పని దొరికింది. అక్కడే ఉండటానికి చోటిస్తారు. పప్పు ఒలిచేవాళ్ళు మొహానికి గుడ్డ కట్టుకోవాలంట. "అది నచ్చిందండి" అంది.

బస్సుకి గంట ముందు స్టూడియోలోకొచ్చి స్టూలు మీద కూర్చుంది.

"ఓ ఫోటో కావాలండి. గేటు దగ్గర వేలిముద్ర తీసుకుంటారంట. నా వేలు మిషన్లో పడట్లేదు, గాట్లు కదా. ఫోటో ఉంటే కార్డిత్తారంట."

మా ఆయన లైట్లు వేశారు. ఆవిడ కొంగు సర్దుకోలేదు, జుట్టు దువ్వుకోలేదు.

"ఏం కలపొద్దండి" అంది నాతో. "ఏం తియ్యొద్దు కూడా."

ఎనిమిది ఫోటోల షీటు ప్రింటు తీశాను. ఆవిడ నా వెనకే నిలబడి, "ఇప్పుడది కంప్యూటర్లోంచి తీసేయండి" అంది. తీసేశాను. "ఆ బుట్టలోకి పడింది కదా, అందులోంచి కూడా." అదీ ఖాళీ చేశాను. "కెమెరాలోది?" మా ఆయన కార్డు బయటికి తీసి, ఆవిడ చూస్తుండగా తుడిచేశారు.

నేను షీటు కత్తిరించాను. కార్డుకి రెండు చాలు. ఎనిమిదీ లెక్కపెట్టుకుని రుమాల్లో చుట్టుకుంది. తర్వాత వంగి, కౌంటరు మీదా కిందా రాలిన సన్నటి కాగితపు అంచులన్నీ ఆ చీలిన గోటితో ఒక్కొక్కటే ఏరింది. ఒకదాని మీద చెవి అంచు పడింది, ఇంకోదాని మీద భుజం ముక్క. అన్నీ కలిపి గుప్పిట్లో పట్టుకుంది.

"వెళ్ళొత్తానండి" అని, గుప్పిలి విప్పకుండానే ఇంకో చేత్తో పెట్టె ఎత్తుకుంది.